పాత ఆటబొమ్మలోంచి కొత్త వాద్యం: సర్క్యూట్ బెండింగ్ చేసే తీరు

బ్యాటరీ నీరసించిన కొద్దీ పాడే బొమ్మ గొంతు బొంగురుపోవడం, పాట సాగి సాగి చివరికి మూలుగుగా మారడం అందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. ఆ మూలుగును చెడిపోయిన బొమ్మ లక్షణంగా కాకుండా, కావలసినప్పుడు పలికించుకోగల స్వరంగా చూడటం దగ్గర సర్క్యూట్ బెండింగ్ మొదలవుతుంది. శబ్దం చేసే మామూలు బొమ్మను విప్పి, దాని బోర్డు మీద తయారీదారు కలపకుండా వదిలిన చోట్లను వైరుతో కలిపి, వినబడిన కొత్త శబ్దాలకు స్విచ్చులూ నాబ్‌లూ అమర్చి, దాన్ని వాద్యంగానో, చూడవచ్చినవారు ముట్టుకుంటే పలికే కళావస్తువుగానో మార్చడమే ఈ పని. ఎలక్ట్రానిక్స్ చదివి ఉండనవసరం లేదు. అయితే ఓపిక, ఒక నోటు పుస్తకం, కింద చెప్పబోయే జాగ్రత్తల పట్ల పట్టింపు తప్పనిసరి.

ఈ పద్ధతికి పేరు పెట్టినవారు అమెరికాకు చెందిన రీడ్ గజాలా. 1966లో, ఇంకా కుర్రవాడిగా ఉండగా, ఆయన మేజా సొరుగులో మూత ఊడిన చిన్న బొమ్మ యాంప్లిఫయరు ఒకటి ఏదో లోహపు వస్తువుకు తగిలి షార్టయి, దానంతట అదే వింత స్వరాలు పలకసాగింది. అనుకోకుండా జరిగినదాన్ని కావాలని చేస్తే ఏమవుతుందన్న ప్రశ్నే ఆయనను ఈ దారి పట్టించింది. సర్క్యూట్ బెండింగ్ అన్న మాటను మాత్రం ఆయన 1992లో వాడుకలోకి తెచ్చారు. ఈలోగా, 1970లలో, నెదర్లాండ్స్‌లోని స్టైమ్ అనే ప్రయోగశాలలో మిషెల్ వైస్‌విస్ క్రాకిల్ బాక్స్ అనే చిన్న వాద్యాన్ని రూపొందించారు. దాని పైనున్న లోహపు బిళ్లలను వేళ్లతో తాకితే, తాకిన చర్మమే సర్క్యూట్‌లో భాగమై అది గరగరలాడుతుంది. ఈ రెండింటిలో నాకు ఎక్కువ నేర్పింది రెండవదే. వింత శబ్దం ఒకసారి పుట్టడం పెద్ద విశేషం కాదు. అదే శబ్దం అడిగినప్పుడల్లా రావాలి, పరిచయం లేని మనిషి చేతిలో కూడా రావాలి. అప్పటిదాకా మన దగ్గర ఉన్నది పాడైన బొమ్మే కాని వాద్యం కాదు.

ఎలాంటి బొమ్మ కావాలి

రెండు నుంచి నాలుగు చిన్న బ్యాటరీలతో, అంటే 3 నుంచి 6 వోల్టులతో నడిచే బొమ్మనే ఎంచుకోండి. బొత్తాం నొక్కితే జంతువుల అరుపులు వినిపించేవి, చిన్న కీబోర్డులు, అక్షరాలు పలికేవి, సైరన్ మోగించే వాహనాలు అన్నీ పనికివస్తాయి. పాతకాలపు బొమ్మ అయితే మరీ మంచిది, ఎందుకంటే అందులో విడిభాగాలు కంటికి కనిపించేంత పెద్దవిగా, వాటి మధ్య వైరు అతికించేంత ఎడంగా ఉంటాయి. కొత్త బొమ్మల్లో చిప్ మీద నల్లటి లక్క బొట్టులాంటి పూత ఉండి, చుట్టూ నాలుగైదు భాగాలకు మించి కనబడవు. వాటిలోనూ శ్రుతి మార్చే మార్గం చాలాసార్లు దొరుకుతుంది కాని, వింతలు తక్కువ.

మాట్లాడే బొమ్మల్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1978లో విడుదల చేసిన స్పీక్ అండ్ స్పెల్‌కు ఈ రంగంలో ప్రత్యేక స్థానం ఉంది, దానికి కారణం కూడా తెలుసుకోదగినది. అందులో మాటలు రికార్డింగులుగా ఉండవు. గొంతు, నోరు ఏ క్షణాన ఏ ఆకారంలో ఉండాలో చెప్పే అంకెలుగా ఉంటాయి, చిప్ ఆ అంకెల ప్రకారం అప్పటికప్పుడు గొంతును నిర్మిస్తుంది. అందువల్ల ఆ అంకెలు ప్రయాణించే తీగను మధ్యలో కదిలిస్తే, ఏ భాషకూ చెందని అక్షరాలు ధారగా వస్తాయి. రికార్డింగును వినిపించే బొమ్మలో అదే పని చేస్తే గరగరలు, తడబాట్లు మాత్రమే వస్తాయి. అంతమాత్రాన సేకర్తలు వెతుక్కునే బొమ్మ మీద మొదటి ప్రయోగం చేయనక్కరలేదు. పోయినా బాధ లేని బొమ్మ మీదే చేయి తిప్పుకోండి, అదీ ఏ పిల్లవాడికీ ప్రాణం కానిదై ఉండాలి.

ముందుగా ప్రాణభద్రత

ఇంటి కరెంటుతో నడిచే ఏ పరికరాన్నీ ఈ పద్ధతిలో విప్పకూడదు. అడాప్టరు పెట్టుకునే వీలున్న బొమ్మనైనా సరే, పని జరుగుతున్నంతసేపూ బ్యాటరీల మీదే నడపాలి. పాత కెమెరాల జోలికి అసలు పోవద్దు, ఎందుకంటే ఫ్లాష్‌లోని కెపాసిటరు సుమారు 300 వోల్టుల విద్యుత్తును బ్యాటరీ తీసేసిన తరువాత కూడా దాచుకుని ఉంటుంది. పెట్టె టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు ఇంతకంటే ప్రమాదకరమైనవి. ఫోన్లలోని లిథియం బ్యాటరీ షార్టయితే మంట లేస్తుంది కనుక, విడి సెల్లులతోనే సరిపెట్టుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు శరీరం తగిలే వాద్యాలను ముట్టుకోకూడదు. ప్రదర్శనలో పెడితే ఈ మాట కనబడేలా రాసి ఉంచడం మీ బాధ్యత.

సోల్డరింగ్ చేసేటప్పుడు, అంటే కరిగించిన లోహంతో వైర్లు అతికించేటప్పుడు, కిటికీ తెరిచి ఉంచాలి, పొగ ముఖానికి తగలకుండా కూర్చోవాలి. సోల్డర్ తీగలో సీసం ఉండవచ్చు కనుక, చేతులు కడుక్కున్న తరువాతే తినడం, తాగడం.

విప్పడం

విప్పకముందే బొమ్మ సరిగ్గా పనిచేస్తున్నదని నిర్ధారించుకోండి. లేకపోతే తరువాత వచ్చే మౌనానికి కారణం మీరో, ముందునుంచీ ఉన్న లోపమో తెలియదు. బ్యాటరీ అర తుప్పు పట్టి ఉంటే, దూదికి కాస్త వెనిగర్ తడిపి రుద్దితే ఆల్కలైన్ బ్యాటరీ కార్చిన క్షారం విరిగి పోతుంది. ఆ తరువాత పొడిగుడ్డతో తుడవాలి. మరలన్నీ ఊడదీశాక కూడా డొల్ల తెరుచుకోలేదంటే, బ్యాటరీ మూత కిందో, స్టిక్కరు కిందో ఇంకొక మర దాగి ఉందని అర్థం. బలం ఉపయోగిస్తే స్పీకరు తీగలు తెగుతాయి, ఆ తీగలు వెంట్రుకంత సన్నం. తెరిచిన వెంటనే ఫోటో తీసుకోండి. బోర్డును పట్టి ఉంచిన మరలు తీసి, దాని వెనక వైపు, అంటే సోల్డర్ చుక్కలు కనబడే వైపు, పైకి వచ్చేలా బల్ల మీద పరవండి.

శ్రుతి పట్టే చోటు

ప్రతి బొమ్మలోనూ మొట్టమొదట వెతకవలసింది చిప్‌కు లయ చెప్పే రెసిస్టరును, అంటే కరెంటుకు నిరోధం (అడ్డు) కలిగించే చిన్న భాగాన్ని. చిప్ లోపలి పనులన్నీ గడియారపు టిక్కుల్లాంటి ఒక తాళం, అంటే లయ, ప్రకారం నడుస్తాయి. చాలా బొమ్మల్లో ఆ తాళం వేగాన్ని చిప్ బయట ఉన్న ఒకే ఒక్క రెసిస్టరు నిర్ణయిస్తుంది. ఆ నిరోధం తగ్గితే వేగమూ శ్రుతీ కలిసి పెరుగుతాయి, పెరిగితే రెండూ కలిసి పడిపోతాయి.

దాన్ని పట్టుకోవడానికి, వోల్టులూ నిరోధమూ కొలిచే మల్టీమీటరు కంటే తడి వేలు మేలు. నా దగ్గరున్న ఒక బొమ్మ సంగతి చెబుతాను. ఆవు, కోడి, గుర్రం అరిచే ఆరు బొత్తాల బొమ్మ అది. అన్నిటికంటే పొడుగాటి శబ్దం ఆవుది కనుక ఆ బొత్తాన్నే మళ్ళీ మళ్ళీ నొక్కుతూ, రెండో చేతి చూపుడువేలిని నీటిలో కొద్దిగా తడిపి, సోల్డర్ చుక్కల మీద ఒక మూల నుంచి మెల్లగా జరుపుకుంటూ పోయాను. స్పీకరు దగ్గర ఏమీ జరగలేదు. బొత్తాల వరుస దగ్గర కోడి కూడా ఒకసారి కూసింది. చిప్ ఎడమ అంచున రెండు చుక్కల మీద వేలు పడగానే ఆవు అరుపు పైకి లేచి దూడ అరుపయింది, వేలు గట్టిగా అదిమితే పిల్లికూత దాకా పోయింది. బోర్డు తిప్పి చూస్తే ఆ రెండు చుక్కల మధ్య ఉన్న రెసిస్టరు మీద ఎరుపు, ఎరుపు, పసుపు పట్టీలు కనిపించాయి, అంటే 220 కిలోఓమ్‌లు (నిరోధానికి కొలత ఓమ్). అదే తాళం చెప్పే రెసిస్టరు. దానికి పక్కనే సమాంతరంగా నా వేలి తడి మరో దారి తెరవడంతో మొత్తం నిరోధం తగ్గి, తాళం పరుగందుకుంది. ఈ రెసిస్టరు సాధారణంగా వంద కిలోఓమ్‌లకు కొంచెం అటూ ఇటూగా మొదలై కొన్ని వందల దాకా ఉంటుంది. పొడి చర్మపు నిరోధం కూడా ఇంచుమించు ఆ కోవలోనే ఉంటుంది కనుకే వేలితో ఇంత మార్పు సాధ్యమవుతుంది. ఈ పోలికను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది. వేలు ఎక్కడ పెట్టినా శ్రుతి మారకపోతే, తాళం చిప్ లోపలే ఉందనో, క్రిస్టల్ అనే, వేగం మారని భాగం నడుపుతోందనో అనుకుని ఆ ఆశ వదులుకోవడం మంచిది.

ఇప్పుడు బ్యాటరీలు తీసి, ఆ రెసిస్టరును సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి పెకలించి, దాని రెండు రంధ్రాల నుంచి రెండు వైర్లు బయటికి తీయండి. వాటి మధ్య 1 మెగాఓమ్ (1000 కిలోఓమ్‌ల) పొటెన్షియోమీటరునూ, అంటే తిప్పితే నిరోధం మారే నాబ్‌నూ, దానికి వరుసలో ఒక 47 కిలోఓమ్ రెసిస్టరునూ కలపండి. ఆ చిన్న రెసిస్టరు లేకపోతే నాబ్ చివరిదాకా తిప్పినప్పుడు నిరోధం సున్నా అయి, తాళం చిప్ తట్టుకోలేనంత వేగమై బొమ్మ బిగుసుకుపోతుంది. ఈ అమరికతో 220 కిలోఓమ్‌ల బొమ్మ శ్రుతి అసలు స్థానం నుంచి రెండు స్థాయిలకు (ఆక్టేవ్‌లకు) కాస్త పైగా పైకీ, దాదాపు అంతే కిందికీ వెళ్ళాలి. అయితే రెండు కొసలకూ చేరకముందే కొన్ని చిప్‌లు చేతులెత్తేస్తాయి. పొటెన్షియోమీటరు లీనియర్, అంటే తిప్పినంత మేరకు నిరోధం సమంగా మారే రకమైతే పై శ్రుతులన్నీ నాబ్ తిరుగుడులో ఒక చివర ఇరుక్కుంటాయి. శబ్దం పెంచడానికి వాడే లాగరిథమిక్ రకం తెచ్చి, తిప్పే కొద్దీ నిరోధం పెరిగేలా కలిపితే శ్రుతి సమంగా పరుచుకుంటుంది, అయితే కుడికి తిప్పితే స్వరం దిగుతుంది. వాయించేవారు దీనికి రెండు నిమిషాల్లో అలవాటుపడతారు కనుక నేను ఈ పద్ధతినే ఎంచుకుంటాను. పెకలించిన రెసిస్టరును పారేయకండి. రెండు దారుల స్విచ్ ఒకటి పెట్టి, ఒక వైపు దాన్ని, మరో వైపు నాబ్‌ను కలిపితే బొమ్మ అసలు గొంతు ఒక్క నొక్కులో తిరిగి వస్తుంది.

కలపకూడని చోట్లు, కలపదగిన చోట్లు

శ్రుతి దొరికాక వింతల వేట. రెండు చివరలా క్రొకడైల్ క్లిప్పులున్న వైరు ఒకటి తీసుకుని, మధ్యలో 1 కిలోఓమ్ రెసిస్టరును చేర్చండి. బొమ్మ పాడుతుండగా ఒక కొనను ఒక సోల్డర్ చుక్కకు తాకించి ఉంచి, రెండో కొనతో మిగతా చుక్కలన్నిటినీ ఒక్కొక్కటిగా తాకండి. శబ్దం వణకవచ్చు, తనలో తాను ముడిపడి అదే ముక్కను తిరిగి తిరిగి పలకవచ్చు, గుర్రం సకిలింపు మధ్యలో కోడి చొరబడవచ్చు. నచ్చినదాన్ని వెంటనే రాసుకోండి: బోర్డు ఫోటో మీద చుక్కలకు అంకెలు వేసుకుని, "7 నుంచి 12, ముక్క తిరిగి పలికింది" అన్నట్టుగా. తరువాత గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. కనీసం మూడుసార్లు వరసగా అదే ఫలితం వచ్చిన కలయికనే లెక్కలోకి తీసుకోండి.

ఈ వేటకు ముందే, బ్యాటరీ ప్లస్, మైనస్ తీగలు బోర్డు మీద ఎక్కడెక్కడికి పోతున్నాయో మల్టీమీటరుతో చూసుకుని, ఆ చుక్కలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవాలి. ఈ సలహాకు నేను మూల్యం చెల్లించాను. అక్షరాలు పలికే ఒక చక్కటి బొమ్మలో మూడు మంచి కలయికలు దొరికిన ఉత్సాహంలో, రెసిస్టరు తీసేసిన ఉత్త వైరుతో ప్లస్ తీగను చిప్ కాలికి తాకించాను. పొగ రాలేదు, వాసన రాలేదు, చిన్న టిక్కుమన్న శబ్దంతో బొమ్మ మూగబోయింది, మళ్ళీ నోరు తెరవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఎర్ర సిరా ఆ తరువాత కొన్నాను. చిప్ వేలికి వేడిగా తగిలితే వెంటనే బ్యాటరీ తీసేయాలన్నది కూడా ఇదే కోవకు చెందిన నియమం.

బొమ్మ తరచు బిగుసుకుపోతుంది, అంటే ఒకే శబ్దం పట్టుకుని వదలదు, బొత్తాలకు జవాబివ్వదు. ఇది నష్టం కాదు, చిప్ దారి తప్పడం మాత్రమే. ప్రతిసారీ బ్యాటరీ మూత తీయకుండా, బ్యాటరీ ప్లస్ తీగలో, నొక్కినంతసేపూ కరెంటు ఆగిపోయే రకం బొత్తాన్ని ఒకటి చేర్చండి. అన్ని మార్పులలోకీ నాకు ఎక్కువగా ఉపయోగపడింది ఈ బొత్తామే.

ఎంచుకున్న కలయికలకు స్విచ్చులు పెట్టేటప్పుడు, ముక్క తిరిగి పలికే రకానికి వేస్తే ఉండిపోయే స్విచ్చూ, క్షణం పాటు చొరబడే రకానికి నొక్కుడు బొత్తామూ నప్పుతాయి. ఒక బొమ్మకు నాలుగైదు కలయికలు చాలు. పదిహేను స్విచ్చులున్న పెట్టె చూపులకు ఎంత ముచ్చటగా ఉన్నా, వాయించేటప్పుడు ఏది ఏదో తెలియక చేయి ఆగిపోతుంది.

చేతికి, వెలుగుకు పలికేలా

ఇందాకటి పోలిక ఇక్కడ పనికివస్తుంది. తాళం రెసిస్టరుకు సమాంతరంగా రెండు వైర్లు తీసి, వాటిలో ఒకదాని మధ్య 47 కిలోఓమ్‌ల రెసిస్టరు చేర్చి, చివరలను బొమ్మ డొల్లకు బయట బిగించిన రెండు ఇత్తడి మరలకు కలపండి. రెండు మరలనూ తాకిన చేయి ఎంత తడిగా, ఎంత గట్టిగా ఉంటే శ్రుతి అంత పైకి పోతుంది. మరలు ఒక చేతి వేళ్లకు అందేంత దగ్గరగా ఉంటే అది ఒంటరి వాద్యం. వాటిని తీసివేసి రెండు లోహపు గిన్నెలను బారెడు దూరంలో పెడితే ఇద్దరు కావాలి: ఒకరు ఒక గిన్నె, మరొకరు రెండో గిన్నె పట్టుకుని, మిగిలిన చేతులతో ఒకరినొకరు తాకినప్పుడే స్వరం మారుతుంది. మధ్యలో మూడో మనిషి, నాలుగో మనిషి చేరే కొద్దీ నిరోధాలు కూడి, మార్పు మెత్తబడుతుంది.

చేతికి బదులు వెలుగు కావాలంటే, నాబ్ స్థానంలో కాంతికి నిరోధం మారే ఎల్డీఆర్ పెట్టండి. మంచి వెలుతురులో దాని నిరోధం కొన్ని వందల ఓమ్‌ల నుంచి కొన్ని కిలోఓమ్‌ల వరకు ఉంటే, చీకట్లో మెగాఓమ్ స్థాయికి పోతుంది. పూర్తి చీకట్లో బొమ్మ ఆగిపోకుండా దానికి సమాంతరంగా 1 మెగాఓమ్ రెసిస్టరు ఉంచాలి. ఎల్డీఆర్‌ను నల్ల కాగితపు గొట్టం అడుగున అమరిస్తే, పైనుంచి కదిలే చేతి నీడకు మాత్రమే స్పందిస్తుంది. గొట్టం లేకుండా పెడితే గది వెలుగంతా కలిసి మార్పు పలచబడుతుంది.

మెత్తటి 6బి పెన్సిలుతో కాగితం మీద దట్టంగా గీసిన గీత కూడా నిరోధమే. గీత ఒక చివర క్లిప్పు తగిలించి, రెండో వైరు కొనను గీత మీద జరుపుతూ పోతే, దూరం పెరిగే కొద్దీ స్వరం దిగుతుంది. బొమ్మ గీసి, ఆ బొమ్మనే వాయించడం ఇలా సాధ్యమవుతుంది. గీతను రెండు మూడుసార్లు దిద్దకపోతే మధ్యలో తెగినట్టవుతుంది.

పాడైన కంప్యూటర్ కీబోర్డుతో

బొమ్మ తన శబ్దాలకే పరిమితం. మీకు కావలసిన శబ్దాలు పలకాలంటే కంప్యూటర్ కావాలి. అందుకు పారేయబోయే యూఎస్‌బీ కీబోర్డు లోపలి చిన్న బోర్డు చాలు. దాని అంచున రెండు గుంపులుగా తీగల కొనలు ఉంటాయి. మొదటి గుంపులో ఒకటీ, రెండో గుంపులో ఒకటీ కలిస్తే ఒక అక్షరం నొక్కినట్టు. రాత పేజీ ఒకటి తెరిచి, వైరుతో ఒక్కో జతను కలుపుతూ ఏ అక్షరం వచ్చిందో పట్టికగా రాసుకోండి. ఆ తరువాత ఒక గుంపులోని ఒకే తీగను ఉమ్మడిగా ఉంచుకుని, రెండో గుంపులోని వేరు వేరు తీగలతో ఏర్పడే జతలనే వాడండి. ఇందువల్ల లాభాలు రెండు: ఉమ్మడి తీగ ఒక్కటే కనుక వైర్లు సగమవుతాయి, చాలామంది ఒకేసారి తాకినా, నొక్కని అక్షరం నొక్కినట్టు రావడమనే కీబోర్డుల పాత జబ్బు ఈ అమరికలో ఉండదు.

బోర్డు అంచున నల్లగా మెరిసేది కార్బన్ పూత అయితే దానికి సోల్డర్ అంటదు. అది పోయే దారి వెంట కొంచెం దూరం వెళ్ళి, పచ్చపూతను బ్లేడుతో గీరితే కింద రాగి కనబడుతుంది. వైరు అక్కడ అతికించాలి. ఇంకొక పరిమితి కూడా ఉంది. 2012లో వచ్చిన మేకీ మేకీ బోర్డులో 22 మెగాఓమ్‌ల రెసిస్టర్లు ఉండటం వల్ల అరటిపండును, అరచేతిని కూడా అది మీటగా గుర్తిస్తుంది. కీబోర్డు బోర్డుకు అంత సున్నితత్వం లేదు, లోహానికి లోహం తగలాలి. అందుకే చెంచా పళ్ళెం, తలుపు గడియ, రెండు అల్యూమినియం రేకుల మధ్య రంధ్రాలు చేసిన స్పాంజి పెట్టి కుట్టిన కాలిచాప వంటివి ఆలోచించండి. అడుగు పడగానే రంధ్రాల్లోంచి రేకులు కలుస్తాయి. అక్షరానికి శబ్దం జతచేయడానికి స్క్రాచ్ వంటి ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది. ల్యాప్‌టాప్‌ను ఛార్జరు తీసి వాడండి.

శబ్దాన్ని బయటికి తీయడం

స్పీకరు కొనల నుంచి వైర్లు తీసి, యాంప్లిఫయరు వైరు గుచ్చుకునే జాక్ పెట్టడం తేలికే, అయితే ముందు స్పీకరు కొనలలో ఒకటి బ్యాటరీ మైనస్‌తో కలిసి ఉందో లేదో చూడాలి. కలిసి ఉంటే రెండో కొనను 10 కిలోఓమ్ రెసిస్టరు ద్వారా జాక్‌కు ఇవ్వవచ్చు. కలవకపోతే మధ్యలో, రెండు వైపులనూ తీగతో కలపకుండా శబ్దాన్ని మాత్రం దాటించే 600 ఓమ్‌ల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అవసరం. పాత డయలప్ మోడెమ్‌లు విప్పితే అది ఉచితంగా దొరుకుతుంది. శరీరం తగిలే మరలున్న వాద్యాన్ని మాత్రం ఇంటి కరెంటు యాంప్లిఫయరుకు కలపకండి, బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరు వాడండి.

ప్రదర్శనకు పెట్టే ముందు

వైర్లు బోర్డును వదిలే చోట వేడి జిగురు చుక్క వేయకపోతే మొదటి రోజే తెగుతాయి. చాలా బొమ్మలు కొంతసేపు ఎవరూ నొక్కకపోతే నిద్రపోతాయి కనుక, అన్నిటికంటే పెద్ద, అందమైన బొత్తాన్ని మేల్కొలిపేదానికే కేటాయించండి. బిగుసుకుపోయినప్పుడు నొక్కవలసిన బొత్తానికి ఎరుపు రంగు వేసి, "ఆగిపోతే ఇది నొక్కండి" అని పక్కనే రాయండి. ఈ పని గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి, ఏమీ చెప్పకుండా వాద్యాన్ని వారి ముందు పెట్టి మీరు మౌనంగా కూర్చోండి. వారి చేయి మొదట ఎక్కడికి పోయిందో, ఎక్కడ వెనక్కి తగ్గిందో రాసుకుని, నాబ్‌ల స్థానాలు దాని ప్రకారం మార్చండి. అంతా ముగిశాక బ్యాటరీలు తీసి వేరే సంచిలో పెట్టి, చుక్కల అంకెలు రాసిన ఫోటోను మడిచి ఖాళీ అయిన బ్యాటరీ అరలోనే ఉంచండి, తరువాత మరమ్మతుకు విప్పేవారికి మొదట కావలసింది అదే.